50 లక్షలు పైన పలికే వెబ్‌సైట్ అమ్మాలంటే: మార్కెట్‌ప్లేసా, బ్రోకరా, నేరుగానా?

వారం కింద శ్రీకాళహస్తి నుంచి మా మేనమామ కొడుకు ఫోన్ చేసినాడు. వాడు ఆరేళ్ళుగా కలంకారీ చీరలు, దుపట్టాలు సొంత సైట్‌లో అమ్ముతా ఉండాడు, అమెరికాకి కూడా పార్సిళ్ళు పోతాయి. బెంగళూరు పార్టీ ఎవరో మొత్తం వ్యాపారం 70 లక్షలకి అడిగినారంట. "ఇచ్చేయమంటావా అన్నా, బ్రోకర్ దగ్గరికి పోమంటావా, ఎవర్ని నమ్మాలో తెలీట్లేదు" అన్నాడు. నేను 2023 వేసవిలో నా సైట్ అమ్మినా, ఇంగ్లీషులో మిద్దెతోటల మీద రాసే సైట్ అది, యాడ్స్ మీద, అఫిలియేట్ కమీషన్ల మీద (మన లింక్ నొక్కి ఎవరైనా కొంటే వచ్చే కమీషన్) నడిచేది. అమ్మకానికి పెట్టింది మొదలు డబ్బు చేతికొచ్చేదాకా పద్నాలుగు నెలలు పట్టింది, అందులో తొమ్మిది నెలలు తప్పు దారిలో పోయినా. వాడికి ఫోన్‌లో చెప్పింది సగమే, మిగతాది ఇక్కడ రాస్తా ఉన్నా, ఇదే సందిగ్ధంలో ఉన్న ఇంకెవరికైనా పనికొస్తుంది.

నాకు ఈ లెక్క అర్థమైంది మామిడికాయల దగ్గర. మా నాయన పాకాల పక్కన తోట చేసేవాడు, తోతాపురి. పూత మీదే తోటని గుత్తకిచ్చేస్తే డబ్బు ముందే వస్తుంది, రేటు తక్కువ. దామలచెరువు మండీకి తోలితే పదిమంది చూస్తారు, పాట పెరగొచ్చు, కానీ కమీషన్ పోతుంది, తరుగు పోతుంది. గుజ్జు ఫ్యాక్టరీకి నేరుగా తోలితే కమీషన్ లేదు, కానీ వాళ్ళు చెప్పిందే రేటు, డబ్బులు ఎప్పుడిస్తారో వాళ్ళిష్టం. మా నాయన ఎప్పుడూ "టన్ను ఎంతకి పోయింది" అని అడిగేవాడు కాదు, "ఇంటికి ఎంతొచ్చింది, ఎప్పుడొచ్చింది" అనే అడిగేవాడు. వెబ్‌సైట్ అమ్మేటప్పుడు కూడా ఆ రెండు ప్రశ్నలే పెట్టుకోండి, చాలామంది కమీషన్ ఎంత అనే ఒక్కదాని మీదే ఆగిపోతా ఉన్నారు.

ముందు దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను ఐదు విషయాలు చూస్తా. ఒకటి, ఖర్చులన్నీ పోను చేతికొచ్చే డబ్బు. రెండు, అది ఎప్పుడొస్తుంది, అంతా ఒకేసారా, సగం ఇప్పుడు సగం ఏడాది తర్వాతా. మూడు, గుట్టు. మీ సైట్ పేరు, ఏ కీవర్డ్ మీద, అంటే గూగుల్‌లో ఏ మాట వెతికి, ట్రాఫిక్ (సైట్‌కి జనం) వస్తుందో, ఏ సప్లయర్ దగ్గర కొంటారో ఎంతమందికి తెలిసిపోతుంది. నాలుగు, వచ్చేవాళ్ళ దగ్గర నిజంగా డబ్బుందా, ఊరికే లెక్కలు చూసిపోదామని వచ్చినారా. ఐదు, అమ్మిన తర్వాత మన మెడకి ఏం చుట్టుకుంటుంది, అంటే ఎన్ని నెలలు నేర్పించాలి, ఎన్నేళ్ళు అదే రంగంలో పోటీ సైట్ పెట్టకూడదు, ఇట్లాంటివి.

ఐదూ ఒకే దారిలో దొరకవు, ఒకటి గట్టిగా పట్టుకుంటే ఇంకోటి జారుతుంది. కాబట్టి మీకు ఏది ముఖ్యమో ముందే కాగితం మీద రాసుకోండి. నేను రాసుకోలేదు, అందుకే ఆ తొమ్మిది నెలలు పోయినాయి.

రేటు ఎట్లా కడతారు

కంటెంట్ సైట్లకి, చిన్న ఆన్‌లైన్ షాపులకి మామూలుగా గత 12 నెలల సగటు నెల లాభం తీసుకుని దాన్ని ఇన్ని రెట్లు అని గుణిస్తారు. 20 నుంచి 40 రెట్ల మధ్య ఎక్కువగా బేరాలు నడుస్తాయి. అంటే నెలకి 2 లక్షల లాభం ఉంటే 40 లక్షల నుంచి 80 లక్షల దాకా. తేడా రెండింతలు, చూడండి. ఆ తేడా ఎక్కడ వస్తుందంటే సైట్ వయసు, ట్రాఫిక్ ఎన్ని దారుల నుంచి వస్తుంది, ఆదాయం ఒక్క కంపెనీ మీదే ఆధారపడిందా, ఓనర్ నెలరోజులు ముట్టుకోకపోతే నడుస్తుందా, ఈ ప్రశ్నల దగ్గర. నెలనెలా చందా కట్టే కస్టమర్లుండే సాఫ్ట్‌వేర్ వ్యాపారమైతే లెక్క వేరే, అక్కడ ఏడాది లాభాన్నో ఏడాది ఆదాయాన్నో పట్టుకుంటారు, రేటు కూడా పైన ఉంటుంది.

ఇంకో మాట. లాభంలోంచి మీ సొంత కష్టం విలువ తీసేసి చూడండి. నేను వారానికి నాలుగు గంటలు పని అని లిస్టింగ్‌లో (అమ్మకానికి పెట్టేటప్పుడు రాసే వివరంలో) రాసినా, కొనడానికొచ్చిన ఆవిడ రాత్రి పదకొండున్నరకి వీడియో కాల్‌లో ఒక్కటే అడిగింది, "మీ ఆర్టికల్స్‌కి ఫొటోలు ఎవరు తీస్తారు?" అని. నేనే, మా మిద్దె మీద, ఆదివారం పొద్దున్నే. టమేటా మొక్కకి ఆకుముడత వస్తే ఆకు తిప్పి దగ్గరగా ఫొటో తీసేది నేనే, దాన్ని సరిచేసేది నేనే. ఆమె దానికి మనిషిని పెట్టుకుంటే నెలకి ఎంతవుతుందో అక్కడికక్కడే లెక్కేసి లాభంలోంచి తీసేసింది. 30 రెట్లు పలికే సైట్‌లో నెలకి 20 వేలు తగ్గితే రేటులో 6 లక్షలు పోతాయి. అందుకే అమ్మకానికి ఆరునెలల ముందే ఆ పనులు ఇంకొకరికి అప్పజెప్పి, వాళ్ళకిచ్చే డబ్బు ఖర్చుల్లో రాసి పెట్టుకోండి. లాభం కొంచెం తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ రెట్లు పెరుగుతాయి, పైగా బేరంలో ఎవరూ మిమ్మల్ని ఇరుకున పెట్టలేరు.

మొదటి దారి: ఓపెన్ మార్కెట్‌ప్లేస్

ఫ్లిప్పా లాంటివి, అంటే సైట్లు అమ్మకానికి పెట్టే సైట్లు. ఫ్లిప్పా 2009లో ఆస్ట్రేలియాలో మొదలైంది, ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు. మనమే లిస్టింగ్ రాసుకోవాలి, లిస్టింగ్‌కి ఫీజు, అమ్ముడుపోతే దాని మీద ఇంకో ఫీజు. ఇది మన మండీ లాంటిదే, ఎవరైనా రావచ్చు, అదే బలం, అదే బలహీనత.

నేను మొదట పోయింది ఈ దారిలోనే, కమీషన్ తక్కువని. వచ్చిన మెసేజ్‌లు చాలా, అందులో నిజంగా కొనేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ళు అనలిటిక్స్ (సైట్‌కి ఎంతమంది వస్తారో చూపించే లెక్కలు) యాక్సెస్ అడిగి, ఏ పేజీకి ఎంత ట్రాఫిక్ వస్తుందో చూసుకుని మాయమైపోయినారు, రెండు నెలల తర్వాత నా టాప్ పేజీల్లాంటివే వేరే సైట్లలో కనిపించినాయి. అప్పుడర్థమైంది, ఎన్‌డీఏ (లెక్కలు బయటపెట్టనని ఒప్పందం) మీద సంతకం, బ్యాంకులో డబ్బుందని ఆధారం, ఈ రెండూ లేకుండా ఎవరికీ లోపలి లెక్కలు చూపించకూడదని. 10, 15 లక్షల లోపు సైట్లకి ఈ దారి బాగుంటుంది, వేగంగా పోతాయి. 50 లక్షలు దాటిన దానికి, మీకు బేరమాడే ఓపిక, రాత్రిళ్ళు అమెరికా టైమ్‌కి మేలుకునే ఓపిక ఉంటే తప్ప నేను వద్దనే చెప్తా.

రెండో దారి: బ్రోకర్

ఎంపైర్ ఫ్లిప్పర్స్, ఎఫ్‌ఈ ఇంటర్నేషనల్, క్వైట్ లైట్, ఇట్లాంటివి, సైట్ల అమ్మకం దగ్గరుండి చూసే కంపెనీలు. వీళ్ళల్లో కూడా తేడాలున్నాయి. ఎంపైర్ ఫ్లిప్పర్స్ మార్కెట్‌ప్లేస్ లాగే ఉంటుంది గానీ ప్రతి సైట్‌నీ వాళ్ళే పరిశీలించి పెడతారు, సైట్ అడ్రస్ అందరికీ కనిపించదు, డబ్బు ఆధారం చూపించినవాళ్ళకే తెరుస్తారు. ఎఫ్‌ఈ, క్వైట్ లైట్ లాంటివాళ్ళు ఒక మనిషిని మీకు కేటాయించి, మీ వ్యాపారం మీద పుస్తకమంత వివరం తయారుచేసి, వాళ్ళ దగ్గరున్న కొనుగోలుదార్లకి పంపుతారు. కమీషన్ ఈ సైజు వ్యాపారాలకి 10 నుంచి 15 శాతం దాకా ఉంటుంది, కోట్లలోకి పోతే శాతం తగ్గుతా వస్తుంది. ఇన్ని నెలలు వేరే ఎవరికీ అమ్మను అని రాయించుకుంటారు, ఆ కాలం ఎంతో, ఆ కాలంలో మీరే తెచ్చుకున్న కొనుగోలుదారుకి కూడా కమీషన్ పడుతుందా లేదా అనేది సంతకానికి ముందే చూడండి.

15 శాతం అంటే గుండె గుభేల్‌మంటుంది, నాకూ అట్లాగే అయింది. కానీ లెక్క చూడండి, ఇది ఊహకి వేసిన లెక్కే. మార్కెట్‌ప్లేస్‌లో మీరే 60 లక్షలకి అమ్మి 10 శాతం ఫీజు కడితే చేతికి 54 లక్షలు. బ్రోకర్ ముగ్గురు కొనుగోలుదార్లని పోటీకి పెట్టి 72 లక్షలకి అమ్మి 15 శాతం, అంటే 10 లక్షల 80 వేలు తీసుకున్నా మీకు 61 లక్షల 20 వేలు. బ్రోకర్ ఆ పోటీ తేలేకపోతే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. కాబట్టి బ్రోకర్‌ని అడగాల్సింది కమీషన్ తగ్గిస్తావా అని కాదు, గత ఏడాదిలో నా రంగంలో, నా సైజులో ఎన్ని అమ్మినావు, లిస్ట్ చేసిన వాటిలో ఎన్ని అమ్ముడుపోయినాయి, అడిగిన రేటుకీ చివరి రేటుకీ తేడా ఎంత అని. జవాబు సూటిగా రాకపోతే ఇంకొకరి దగ్గరికి పోండి.

సాఫ్ట్‌వేర్ వ్యాపారమైతే అక్వైర్ డాట్ కామ్ చూడొచ్చు, 2020లో మైక్రోఅక్వైర్ అనే పేరుతో మొదలైంది. సాఫ్ట్‌వేర్ కొనాలనుకునేవాళ్ళు ఎక్కువగా తిరిగే చోటు, మిద్దెతోటల సైట్ అక్కడ పెట్టినా చూసేవాళ్ళు తక్కువ.

మూడో దారి: నేరుగా తెలిసినవాళ్ళకో, పోటీదారుకో

మన గుజ్జు ఫ్యాక్టరీ దారి. మీ రంగంలోనే ఉన్న పెద్ద సైట్, మీ సప్లయర్, మీకు యాడ్స్ ఇచ్చే కంపెనీ, వీళ్ళకి మీ వ్యాపారం మామూలు కొనుగోలుదారుకన్నా ఎక్కువ విలువ చేస్తుంది, ఎందుకంటే వాళ్ళకి మీ కస్టమర్లు కావాలి, గూగుల్‌లో మీ ర్యాంకులు కావాలి. ఒక్కోసారి ఈ దారిలోనే అన్నిటికంటే మంచి రేటు వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, బేరం కుదరకపోతే మీ లోపలి లెక్కలన్నీ పోటీదారు చేతిలో ఉంటాయి. ఇంకోటి, వీళ్ళు ఎర్న్-అవుట్ అడుగుతారు, అంటే ఇప్పుడు కొంత, తర్వాత లాభాల్ని బట్టి మిగతాది. మా వాడికి బెంగళూరు వాళ్ళిచ్చిన ఆఫర్ నాకు వాట్సాప్‌లో పంపినాడు, చదివితే 70 లక్షల్లో 40 మాత్రమే సంతకం రోజు, మిగతా 30 వచ్చే ఏడాది అమ్మకాలు ఇంత దాటితే. ఆ ఏడాది యాడ్స్‌కి ఎంత ఖర్చుపెట్టాలి, రేట్లు ఎంత పెట్టాలి అని నిర్ణయించేది వాళ్ళే. స్టీరింగ్ వాళ్ళ చేతిలో, టార్గెట్ మన నెత్తిన. ఆ 30లో సగమే వస్తే చేతికి 55. నేను వాడికి చెప్పింది ఏమంటే, ఎర్న్-అవుట్ భాగాన్ని సున్నా అనుకుని చూడు, 40 లక్షలకే ఇచ్చేసినా నిద్రపడుతుందంటేనే సంతకం పెట్టు అని.

నాలుగోది: ఇప్పుడే అమ్మకపోవడం

ఇది కూడా ఒక ఎంపికే. మేనేజర్‌ని పెట్టి, రెండేళ్ళు నడిపి, ఆ లాభం తిని తర్వాత అమ్మొచ్చు. 30 రెట్లకి అమ్మడమంటే రెండున్నరేళ్ళ లాభం ఇప్పుడే తీసుకోవడం కదా. షాపు లాంటి వ్యాపారాలకి, సొంత కస్టమర్లున్నవాళ్ళకి ఇది ఆలోచించదగ్గదే.

గూగుల్ మీదే బతికే కంటెంట్ సైట్లకి మాత్రం జాగ్రత్త. నేను అమ్మిన కొన్ని నెలలకే, 2023 సెప్టెంబర్‌లో గూగుల్ హెల్ప్‌ఫుల్ కంటెంట్ అప్‌డేట్ (సెర్చ్‌లో ఏ సైట్ పైకి రావాలో తేల్చే పద్ధతిలో మార్పు) వచ్చింది, 2024 మార్చిలో ఇంకో పెద్ద కోర్ అప్‌డేట్, ఆ మేలో అమెరికాలో సెర్చ్ పైన ఏఐ జవాబులు మొదలైనాయి. నాకు తెలిసిన మంచి సైట్లు, నిజాయితీగా రాసినవాళ్ళవి కూడా, సగం పైన ట్రాఫిక్ పోగొట్టుకున్నాయి. తిరుపతి బాలాజీ కాలనీలో ఉండే ఒక స్నేహితుడు 45 లక్షల ఆఫర్ వదులుకుని ఇంకో ఏడాది చూద్దామన్నాడు, ఆ ఏడాదే అది జరిగింది. అతని బాధ చూసినా కాబట్టే ఇది రాస్తా ఉన్నా.

ఒకచోట చూడాలంటే

| చూడాల్సింది | ఓపెన్ మార్కెట్‌ప్లేస్ | బ్రోకర్ | నేరుగా |
|---|---|---|---|
| ఫీజు | తక్కువ నుంచి మధ్యస్తం | 10-15 శాతం దాకా | లేదు, లాయర్ ఖర్చు మనదే |
| డబ్బు వచ్చే తీరు | ఎక్కువగా ఒకేసారి | పెద్ద భాగం ముందే, కొన్నిట్లో వాయిదాలు | వాయిదాలు, ఎర్న్-అవుట్ ఎక్కువ |
| గుట్టు | తక్కువ | బాగుంటుంది | ఒక్కరికే తెలుస్తుంది, కానీ ఆ ఒక్కరు పోటీదారే కావచ్చు |
| మన శ్రమ | చాలా | కాగితాలు సిద్ధం చేసేదాకా ఎక్కువ, తర్వాత తక్కువ | మొత్తం మనదే |
| ఎవరికి | చిన్న సైట్లు, బేరం తెలిసినవాళ్ళు | మొదటిసారి అమ్మేవాళ్ళు, 50 లక్షలు పైన | ఇప్పటికే నమ్మకమున్న కొనుగోలుదారు ఉంటే |

ఉద్యోగం చేసుకుంటా సైడ్‌లో సైట్ నడిపేవాళ్ళు, ఇంగ్లీషులో గంటసేపు కాల్ మాట్లాడాలంటే ఇబ్బందిపడేవాళ్ళు బ్రోకర్ దగ్గరికే పోండి, ఆ కమీషన్ దండగ కాదు. అప్పు తీర్చాలనో, ఇంట్లో పెళ్ళనో అర్జెంటుగా డబ్బు కావాల్సినవాళ్ళు మాత్రం ఆ అవసరం ఎవరికీ చెప్పకండి, బ్రోకర్‌కి కూడా, రేటు తగ్గించమని మొదట మనకే చెప్తాడు.

మన తిరుపతిలో ప్రత్యేకంగా ఒక మాట. దర్శనం సమాచారం, రూములు, వ్రతాలు, ఇట్లాంటి సైట్లు ఇక్కడ చాలామంది నడుపుతా ఉన్నారు, ట్రాఫిక్ కూడా బాగా వస్తుంది. నకిలీ సైట్ల గురించి టీటీడీ మళ్ళీ మళ్ళీ హెచ్చరిస్తానే ఉంది. సైట్ పేరులో దేవస్థానం పేరు ఉన్నా, అధికారిక సైట్‌ని పోలిన లోగో ఉన్నా మంచి కొనుగోలుదారు దగ్గరికే రాడు. అట్లాంటిది ఉంటే ముందు పేరు, డిజైన్ మార్చి, "ఇది అధికారిక సైట్ కాదు" అని పైనే రాసి, ఒక ఏడాది నడిపిన తర్వాతే అమ్మకం సంగతి ఆలోచించండి.

ఏ దారిలో పోయినా ఎస్క్రో

ఎస్క్రో అంటే, కొనేవాళ్ళు డబ్బు మధ్యవర్తి దగ్గర పెడతారు, మనం సైట్ అప్పజెప్తాం, వాళ్ళు సరిచూసుకునే గడువు అయిపోయాక మధ్యవర్తి మనకి డబ్బు వదుల్తాడు. ఎస్క్రో డాట్ కామ్ 1999 నుంచి ఇదే పని చేస్తా ఉంది. మార్కెట్‌ప్లేస్‌లో పెట్టినప్పుడు ఒకతను రేటు అస్సలు తగ్గించమనకుండా ఒప్పుకున్నాడు, మరుసటి రోజే "డబ్బు జమ అయింది, డొమైన్ పంపండి" అని ఎస్క్రో పేరుతో ఈమెయిల్ వచ్చింది. లోగో అదే, రంగు అదే, కింద సంతకం అదే. డొమైన్, అంటే సైట్ పేరు, అన్‌లాక్ చేయడానికి పేజీ తెరిచి, ఆథ్ కోడ్ (డొమైన్‌ని వేరేవాళ్ళకి మార్చే రహస్య కోడ్) కాపీ చేసుకుని, ఎందుకో ఇంకోసారి ఈమెయిల్ అడ్రస్ మీద వేలు పెట్టి చూసినా. మధ్యలో ఒక గీత అదనంగా ఉంది. అసలు సైట్ అడ్రస్ చేత్తో టైప్ చేసి లాగిన్ అయితే నా పేరు మీద లావాదేవీయే లేదు. ఆ కోడ్ పంపుంటే ఏడేళ్ళ కష్టం ఆ రాత్రికే పోయేది. ఈమెయిల్‌లో వచ్చిన లింక్ నొక్కకండి, ఎప్పుడూ మీరే అడ్రస్ టైప్ చేసి లోపలికి పోయి, డబ్బు జమ అయిందని అక్కడ చూసిన తర్వాతే కదలండి.

పేపాల్ మీద ఇంత పెద్ద మొత్తాలు తీసుకోవద్దు, కొనేవాడు తర్వాత వివాదం వేస్తే డబ్బు ఆగిపోతుంది. ఇండియాలోనే ఉన్న కొనుగోలుదారైతే అసలు కుదరదు, 2021 ఏప్రిల్ నుంచి పేపాల్ దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది. మనవాళ్ళ మధ్య బేరమైతే బ్యాంకులో ఎస్క్రో ఖాతా తెరవొచ్చు, లాయర్‌ని పెట్టుకుని చేయించండి.

చివర్లో చిక్కుపెట్టే చిన్న విషయాలు

యాడ్‌సెన్స్ (గూగుల్ యాడ్స్ డబ్బులొచ్చే) ఖాతా చేతులు మారదు, కొనేవాళ్ళు సొంత ఖాతాలో పెట్టుకోవాలి, అమెజాన్ అఫిలియేట్ లింకులు కూడా వాళ్ళ ట్యాగ్‌కి మార్చాలి. ఇది ఒప్పందంలోనే రాయండి, లేకపోతే ఆ వారం పడిపోయిన ఆదాయానికి మిమ్మల్ని అంటారు. డాట్ కామ్ డొమైన్‌ని రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసే కంపెనీ) మారిస్తే మళ్ళీ 60 రోజులు ఇంకో చోటికి పోనీరు, కాబట్టి అమ్మకానికి ముందు దాన్ని కదిలించకండి. ఇద్దరికీ ఒకే రిజిస్ట్రార్‌లో ఖాతా ఉంటే నిమిషాల్లో పని అయిపోతుంది. కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ళు కూడా అప్పజెప్తుంటే మీ ప్రైవసీ పాలసీలో ఏం రాసినారో చూసుకోండి, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది.

పన్ను సంగతి సంతకానికి ముందు తేల్చుకోవాలి, తర్వాత కాదు. నడుస్తున్న వ్యాపారం మొత్తాన్ని ఒకే ధరకి అమ్మితే స్లంప్ సేల్ అంటారు, 36 నెలలు దాటి మీ చేతిలో ఉంటే దీర్ఘకాలిక మూలధన లాభం కిందికొస్తుంది, 2024 జూలై 23 నుంచి ఆ రేటు 12.5 శాతం, సర్‌ఛార్జీ, సెస్సు అదనం. నడుస్తున్న వ్యాపారాన్ని నడుస్తున్నట్టే బదిలీ చేస్తే జీఎస్టీ మినహాయింపు కూడా ఉంది. డొమైన్ వేరుగా, కంటెంట్ వేరుగా, స్టాక్ వేరుగా రేట్లు రాసి అమ్మితే లెక్క మొత్తం మారిపోతుంది, అందుకే ఒప్పందం డ్రాఫ్ట్‌ని లాయర్ కంటే ముందు సీఏకి చూపించండి. విదేశాల నుంచి డబ్బొస్తే బ్యాంకులో పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) అడుగుతారు. నాకు బ్రాంచ్‌లో మూడు రోజులు ఆపినారు, ఒప్పందం కాపీ, ఎస్క్రో స్టేట్‌మెంట్ పట్టుకుపోయి మేనేజర్ ముందు కూర్చుంటే గానీ కదల్లేదు. డబ్బు రాకముందే పోయి మాట్లాడిపెట్టుకోండి.

ఇక మా వాడి సంగతి. వాడి దగ్గర పెద్ద లోటు ఏమంటే, కలంకారీ వేసే కళాకారులతో మాట్లాడేది వాడొక్కడే, ఎవరి దగ్గర ఏ రకం చీర, ఎంత అడ్వాన్స్ ఇచ్చినాడు, ఏదీ రాతలో లేదు, అంతా వాడి బుర్రలో ఉంది. ఆ స్థితిలో ఎవరు కొన్నా వాణ్ణి రెండేళ్ళు కట్టిపడేస్తారు, లేకపోతే రేటు కోస్తారు. బెంగళూరు వాళ్ళకి వద్దనకుండా, మూడు నెలలు గడువు అడగమన్నా. ఈలోగా ఆ కళాకారులతో చిన్న కాగితం మీద ఒప్పందాలు, స్టాక్ లెక్క, 24 నెలల లాభనష్టాలు సిద్ధం చేసి ఇద్దరు బ్రోకర్లకి చూపించి, వాళ్ళు చెప్పే రేటు చేతిలో పెట్టుకుని మళ్ళీ బెంగళూరు ఫోన్ చేయాలి. నిన్న రాత్రి స్టాక్ షీట్ పంపినాడు, 412 చీరలు, అందులో 60 రెండేళ్ళుగా కదలనివి. వాటిని ముందు డిస్కౌంట్‌లో తీసేయమని చెప్పినా.